నేర్చిన చెయ్యి ఎప్పుడు లేవాలి?

ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు కరాటే నేర్పిస్తున్నామని తెలియగానే గూడెంలో పెద్దలు అడిగే మాట ఒకటే. "ఎవర్ని కొట్టడానికి సారూ?" ఈ మాటకు నవ్వి ఊరుకోవచ్చు. "ఎవర్నీ కాదు తాతా, ఆరోగ్యానికి" అని తప్పించుకోనూవచ్చు. కానీ అది నిజమైన జవాబు కాదు. ఆరోగ్యం కోసమే అయితే కబడ్డీ ఉంది, పరుగు ఉంది, చేను పని ఉంది. కరాటే వేరు. పిడికిలి ఎలా బిగించాలో, దెబ్బ ఎక్కడ తగిలితే ఎదుటివాడు పడిపోతాడో నేర్పే విద్య అది. కాబట్టి పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి ఉపాధ్యాయులుగా, ఆదివాసులుగా మనం న్యాయమైన జవాబు చెప్పాలి. ఈ వ్యాసం ఆ ప్రయత్నం.

మేమంటే గోదావరికి అటూ ఇటూ ఉన్న ఏజెన్సీ ఊళ్ళలో పుట్టి, డీఎడ్ చదువుకుని, మన పిల్లలకే పాఠాలు చెబుతున్న కోయ టీచర్లం. నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా పిల్లలతో పాటు వరుసలో నిలబడి ఈ విద్య మొదలుపెట్టాం. మాస్టరు వారానికి రెండు రోజులు మోటారు సైకిలు మీద వచ్చేవాడు. మిగతా రోజుల్లో తెల్లవారుజామున స్టడీ అవరుకు ముందు మేమూ పిల్లలూ కలిసి సాధన చేసేవాళ్ళం. ఆరో తరగతి పిల్ల వచ్చి "సార్, మోకాలు ఇంకొంచెం వంచండి" అని మాకు చెప్పేది. పగలు లెక్కలు చెప్పే టీచరు పొద్దున తెల్ల బెల్టు కట్టుకుని ఆ పిల్ల వెనక వరుసలో నిలబడేవాడు. నేర్చుకోవడమంటే ఏమిటో మాకు శిక్షణ కాలేజీలో కన్నా ఆ వరుసలో బాగా తెలిసింది.

మొదటి నెలల్లో కొట్టడం దాదాపు ఉండదు. నిలబడటం, ఊపిరి పీల్చడం, వదలడం, పడినప్పుడు తల నేలకు తగలకుండా పడటం, ఇవే. తర్వాత గాలిలో గుద్దులు, తన్నులు. ఆ తర్వాత ఎప్పటికో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెడతారు. పిల్లల వంతు వచ్చినప్పుడు మాస్టరు గట్టిగా చెప్పే మాట ఒకటుంది. గుద్దు పూర్తి వేగంతో వెళ్ళాలి, ఎదుటివాడి ముఖానికి బెత్తెడు దూరంలో ఆగిపోవాలి. తగిలితే తప్పు. కొత్తగా చేరిన మగపిల్లలకు ఇది నచ్చదు. "తగలకపోతే ఇంకెందుకు సార్?" అంటారు. ఆరు నెలలు చేశాక వాళ్ళకే తెలుస్తుంది. గుద్దడానికి వారం చాలు. వేగంగా వెళ్తున్న చేతిని అనుకున్న చోట ఆపడానికి ఏళ్ళు పడుతుంది. భుజం, నడుము, కాలు, చూపు అన్నీ ఒక్క మాట మీద ఉంటే తప్ప చెయ్యి ఆగదు.

ఈ ఆపే విద్య మనకు కొత్తదా? కాదు. మన కొమ్ము నృత్యాన్ని గుర్తు చేసుకోండి. తలకు అడవి దున్న కొమ్ములు కట్టుకుని, డోలు వేసుకుని మగవాళ్ళు పోట్లగిత్తల్లా ఒకరి మీదికి ఒకరు వస్తారు. కొమ్ములు ఊపుతారు, కాలు దువ్వుతారు, కలబడతారు. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఎవరి నెత్తురూ కారదు. తాళం ప్రకారం ముందుకు వచ్చినవాడు తాళం ప్రకారం వెనక్కి వెళ్తాడు. అది ఆట అని మనం చూసి వదిలేశాం. బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే బడి అదే. వేట కూడా అంతే. భూమి పండుగకు విల్లులు పట్టుకుని బయలుదేరిన రోజుల్లో బాణం వేసినవాడు ఒక్కడైనా మాంసం ఊరంతటికీ పంచేవారు. నేర్పు ఒకడిది, ఫలితం అందరిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఆ పంపకంలోని నీతి మాత్రం ఏ చట్టానికీ విరుద్ధం కాదు. ఒకరు సంపాదించిన బలంలో ఊరికీ వాటా ఉందన్నదే ఆ నీతి.

"మనకు విల్లు ఉండగా జపాను విద్య ఎందుకు?" అని మన యువకులే కొందరు అడుగుతారు. ఇది పౌరుషం గల ప్రశ్నే. కానీ కరాటే పుట్టుకను కాస్త తెలుసుకుంటే దాన్ని పరాయిదిగా చూడాలనిపించదు. అది పుట్టింది జపాను ప్రధాన భూమి మీద కాదు, ఒకినావా దీవుల్లో. ఆ దీవులు ఒకప్పుడు ర్యుక్యూ అనే వేరే రాజ్యం. 1879లో జపాను దాన్ని కలిపేసుకుంది. ఆ తర్వాత అక్కడి బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవారు. మరో పిల్లవాడు సొంత భాషలో మాట్లాడి దొరికేదాకా ఆ పలక మొదటివాడి మెడలోనే ఉండేది. ఇంటి భాషలో మాట్లాడినందుకు బడిలో తలదించుకున్న పిల్లలు మన గూడేల్లోనూ ఉన్నారు కదా. ఆ దీవుల నుంచి 1922లో టోక్యోకు వెళ్ళి కరాటేను ప్రదర్శించి దానికి పేరు తెచ్చిన ఫునకోషి గిచిన్ కూడా మనలాగే బడిపంతులు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన శిష్యులకు నేర్పిన ముఖ్య నియమం. చిన్నచూపుకు గురైన ఒక జాతి దగ్గర పుట్టిన విద్య మన దగ్గరికి వచ్చింది. దాన్ని నేర్చుకున్నంత మాత్రాన మన విల్లు చిన్నబోదు.

అదే 1922లో, ఆగస్టు నెలలో, మన మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర ఉన్నారు. వాళ్ళు చేతబట్టిన విల్లు గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ విల్లు ఎందుకు లేచిందో కూడా చెప్పుకోవాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి పరాయిదైంది. పోడు నేరమైంది. ఘాటు రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకుండా మనవాళ్ళ చేత చాకిరీ చేయించారు. అటు జోడేఘాట్‌లో 1940లో ప్రాణాలిచ్చిన కొమరం భీం పోరాటమూ నీళ్ళు, అడవి, భూమి కోసమే. వాళ్ళెవరూ బలం చూపించుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. బతుకు మీదికి వచ్చినప్పుడు ఎత్తారు. ఆ పేర్లు చొక్కాల మీద వేసుకుని సంతలో తాగి తగవు పడేవాళ్ళు ఈ తేడా గుర్తించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. కొట్టగలిగి ఊరుకున్నవాడూ, కొట్టలేక ఊరుకున్నవాడూ ఒకటేనా? బయటివాళ్ళు మనల్ని మెచ్చుకునేటప్పుడు వాడే మాట "అమాయకులు". ఆదివాసులు అమాయకులు, నోట్లో నాలుక లేనివాళ్ళు, ఎంత అన్నా పడతారు అంటారు. ఇది మెచ్చుకోలు కాదు. షావుకారు తూకంలో కొట్టినా, కాంట్రాక్టరు కూలి ఎగ్గొట్టినా, బస్సులో సీటు దగ్గర లేవమన్నా మనం మాట్లాడకపోతే అది మంచితనం అన్నారు. ఎదురుచెప్పే దారి లేనప్పటి మౌనానికి మంచితనమని పేరు పెట్టడం ఎవరికి లాభమో ఆలోచించండి. అహింసను జీవితమంతా బోధించిన గాంధీ సైతం 1920లో రాసిన ఒక వ్యాసంలో పిరికితనానికీ హింసకూ మధ్యనే ఎంచుకోవలసి వస్తే హింసనే ఎంచుకోమంటానన్నాడు. క్షమించడానికి కూడా శక్తి ఉండాలి. దండించే శక్తి లేనివాడు క్షమించానంటే ఆ మాటకు అర్థం లేదు.

సాధన వల్ల మాలో వచ్చిన మొదటి మార్పు కూడా ఇదే. మా చేతులు ఎక్కువగా లేవడం మొదలుపెట్టలేదు. మా తలలు లేచాయి. మండల ఆఫీసులో కుర్చీ చూపించకుండా మాట్లాడిన మనిషి ముందు వెన్ను నిటారుగా పెట్టి, నెమ్మదిగా, కళ్ళలోకి చూసి మాట్లాడటం వచ్చింది. పిల్లల్లోనూ ఇదే చూశాం. తరగతిలో చివరి బెంచీలో నోరు విప్పని పిల్ల, మైదానంలో కియాయ్ అని గట్టిగా అరిచిన కొన్ని నెలలకు తెలుగు పాఠం గొంతెత్తి చదివింది. ఎవర్నీ కొట్టకుండానే ఆ విద్య ఆమెకు ఉపయోగపడింది.

అంతటితో సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటు. రెండు సంఘటనలు మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేశాయి. పేర్లు, ఊళ్ళు ఇక్కడ రాయం.

మొదటిది. రెండేళ్ళకు పైగా సాధన చేసి బ్రౌన్ బెల్టు తెచ్చుకున్న అమ్మాయి సంత రోజు కిక్కిరిసిన బస్సులో ఇంటికి వెళ్తోంది. ఒక మనిషి ఆమె మీద చెయ్యి వేశాడు. ఆమె చెయ్యి లేవలేదు. గొంతు రాలేదు. దిగేదాకా బిగుసుకుపోయి నిలబడింది. మర్నాడు మా దగ్గరికి వచ్చి ఆ మనిషి గురించి చెప్పలేదు. "నేను నేర్చుకున్నదంతా దండగేనా?" అని అడిగింది. ఈ సంగతి తెలిసిన ఇంకొకరు "కరాటే వచ్చు కదా, ఒక్కటి ఇవ్వలేకపోయావా" అన్నారట. ఆ మాట ఆమెకు ఆ చెయ్యి కన్నా ఎక్కువ నొప్పి కలిగించింది.

ఇక్కడ ఉపాధ్యాయులందరూ ఒక విషయం తెలుసుకోవాలి. ప్రమాదం మీద పడినప్పుడు శరీరం ఎదురు తిరుగుతుంది, లేదా పారిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది. ఈ మూడోది మనిషి ఎంచుకునేది కాదు, శరీరం తనంతట తాను చేసేది. రాత్రి టార్చిలైటు వెలుగులో పడ్డ కుందేలు కదలకుండా నిలబడిపోవడం మనకు తెలిసిందే. దాన్ని పిరికిది అనం. సాధన వల్ల బిగుసుకుపోవడం తగ్గవచ్చు, కానీ తప్పకుండా పోతుందని ఏ మాస్టరూ హామీ ఇవ్వలేడు. ఇవ్వకూడదు. సమగ్ర శిక్ష కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ శిక్షణ ఇచ్చాం కాబట్టి ఇక రక్షణ బాధ్యత ఆడపిల్లదేనని అనుకుంటే, అది ఆమెకు మనం చేసే రెండో అన్యాయం. తప్పు చెయ్యి వేసినవాడిది. చూసి కూడా తల తిప్పుకున్న బస్సుది. 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి విషయం తెలిసిన పెద్దలు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లకు పిడికిలి నేర్పి, మన బాధ్యత దులిపేసుకోవడం కుదరదు. ఆ అమ్మాయికి మేం చెప్పింది ఇదే: నువ్వు చేయనిదేమీ లేదు. నువ్వు వచ్చి చెప్పావు, అది కూడా ఎదురు తిరగడమే. మిగతాది పెద్దవాళ్ళం మేం చేయాలి. మేం చేశాం.

రెండోది తొమ్మిదో తరగతి అబ్బాయిది. సెలవులకు ఇంటికి వెళ్ళేముందు వచ్చి అడిగాడు. "సార్, మా నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడు. నేను గ్రీన్ బెల్టు. ఈసారి కొడితే నాన్నను కొట్టొచ్చా?" పుస్తకాల్లో ఉండే నీతి ప్రశ్నలన్నీ దీని ముందు తేలికైనవి. "తండ్రిని కొట్టడం పాపం, ఊరుకో" అంటే అమ్మ దెబ్బలు తినడం సరైనదే అని చెప్పినట్టు. "కొట్టు" అంటే ఆ ఇంట్లో బలమున్నవాడి మాటే చెల్లుతుందనే రాజ్యాంగం అలాగే ఉండి, రాజు ఒక్కడే మారినట్టు. రేపు అతనికీ భార్య వస్తుంది, అతనికీ కోపం వస్తుంది. అప్పుడు ఆ చెయ్యిని ఎవరు ఆపుతారు?

మేం అతనితో రెండు రోజులు మాట్లాడాం. నేర్చుకున్నవాటిలో గుద్దులతో పాటు అడ్డుకోవడం కూడా ఉంది కదా అని గుర్తు చేశాం. మధ్యలో నిలబడు. చెయ్యి పట్టుకో. అమ్మను పక్కింటికి తీసుకెళ్ళు. తెల్లారాక పటేలును, పెద్దలను పిలువు. వాళ్ళు వినకపోతే 2005 గృహహింస చట్టం ఉంది, మేం వస్తాం. అతను అలాగే చేశాడు. తండ్రి చెయ్యి పట్టుకుని వదలకుండా నిలబడ్డాడట, కొట్టలేదు. తర్వాత పెద్దలు కూర్చున్నారు. ఆ తండ్రి తాగుడు మానాడని చెప్పలేం. కానీ ఆ ఇంట్లో చెయ్యి లేవడం తగ్గిందని అమ్మే బడికి వచ్చి చెప్పింది. ముఖానికి బెత్తెడు దూరంలో గుద్దు ఆపడం ఎందుకు నేర్పారో ఆ అబ్బాయికి ఇంక ఎవరూ వివరించక్కర్లేదు.

చట్టం కూడా ఈ కొలతనే చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. మన శరీరాన్నే కాదు, ఇంకొకరి శరీరాన్ని కాపాడటానికీ ఆ హక్కు ఉంది. కానీ కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి గాయం చేసే హక్కు లేదు. దాడి ఆగిపోయాక కొట్టే దెబ్బ ఆత్మరక్షణ కాదు, కక్ష. అధికారులను ఆశ్రయించే సమయం ఉన్నప్పుడు కూడా ఆ హక్కు వర్తించదు. మన యువకులకు ఇది మరీ ముఖ్యం. కేసు పడితే వకీలుకు డబ్బు కట్టలేక, వాయిదాలకు పట్నం తిరగలేక నలిగిపోయేది మనమే.

ఇక బలం వచ్చినచోట వచ్చే జబ్బుల గురించి కూడా చెప్పుకోవాలి. హాస్టల్లో పెద్ద తరగతి పిల్లలు బెల్టు చూపించి చిన్నపిల్లల చేత బట్టలు ఉతికించుకుంటే ఆ విద్య విషమైనట్టే. మాస్టరు క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని బెత్తంతో కొడితే, 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ వద్దన్న పనే మైదానంలో చేసినట్టు. దెబ్బకు దెబ్బే జవాబని నేర్పే చోట ఆపడం ఎలా నేర్చుకుంటారు? మరొకటి, రంగు మారిన ప్రతి బెల్టుకూ ఫీజు అడిగే పద్ధతి. చింతపండు, ఇప్పపువ్వు అమ్మిన డబ్బుతో తల్లి కట్టే ఫీజు అది. బెల్టు లేకుండా కూడా సాధన చేయవచ్చని పిల్లలకు చెప్పాలి. కరాటే ఒక్క టోక్యో ఒలింపిక్స్‌లో కనిపించింది, 2024 పారిస్‌లో లేదు. పతకాల ఆశ చూపి పిల్లల్ని పిలవడం న్యాయం కాదు.

మాటలో మాట, ఏకలవ్యుడి కథ. మన పిల్లల కోసం కట్టిన గురుకులాలకు ఆయన పేరే పెట్టారు. నిషాద రాజు కొడుకు ఏకలవ్యుడు అడవిలో మొరిగే కుక్క నోట్లోకి ఏడు బాణాలు వేశాడు. మహాభారతం ప్రకారం ఆ కుక్క ఆ బాణాలతోనే పాండవుల దగ్గరికి తిరిగి వెళ్ళింది. అంటే మొరుగు ఆగింది, ప్రాణం పోలేదు. అంత అదుపు ఉన్న చేతి నుంచి ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ఈ కథను గురుభక్తి పాఠంగా ఇంకా చెబుతున్నాం. ఉపాధ్యాయులుగా మనం దాన్ని మరోవైపు నుంచి చూడాలి. శిష్యుడి నేర్పును చూసి భయపడిన గురువు ఎలాంటివాడు? మన పిల్లలకు బలం నేర్పితే ఏమవుతుందోనని భయపడి నేర్పకుండా ఉండటం కూడా వేలు అడగడమే. ఆ వేలు పోయినా కథ అక్కడ ఆగలేదు. నేటి విలువిద్య పోటీల్లో నారిని లాగేది చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళతో. రాజస్థాన్ ఆదివాసీ కుటుంబంలో పుట్టి, వెదురు విల్లుతో మొదలుపెట్టిన లింబారాం 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున నిలబడ్డాడు.

కాబట్టి గూడెం పెద్దకు మనం చెప్పవలసింది ఇది. తాతా, ఎవర్నీ కొట్టడానికి కాదని అబద్ధం చెప్పం. పక్కన ఇంకొకరి మీద దెబ్బ పడుతుంటే అడ్డుపడటానికి, తప్పించుకునే దారి లేనప్పుడు తప్పించుకోవడానికి నేర్పుతున్నాం. మొదటి దెబ్బ మన పిల్లలది కాకుండా చూస్తాం. చివరి దెబ్బ కోసం ఆశపడకుండా చూస్తాం. చెయ్యి లేవని రోజున వాళ్ళను నిందించం. ఆ రోజు లేవవలసినవి మన చేతులు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మైదానంలోకి రండి. చెప్పులు గట్టున వదిలి, ఎదుట నిలబడ్డవాడికి తల వంచి మొదలుపెట్టండి. అతను మీ శత్రువు కాడు. మీ చెయ్యి ఆగుతుందన్న నమ్మకంతో తన ముఖాన్ని మీ ముందు పెట్టినవాడు.